పెళ్లికి దయ్యాల్ని పిలిస్తే తప్పేమిటి?

అక్టోబరు 31, అమెరికాలో దయ్యాల వేషాలు వేసుకునే హాలోవీన్ రాత్రి పెళ్లి చేసుకున్న నా స్నేహితురాలి గురించి ఇక్కడి తెలుగువాళ్లకు ఎప్పుడు చెప్పినా రెండు మాటలు వినబడుతున్నాయి. "అది పెళ్లా, వేషాల పోటీయా?" అన్నది ఒకటి. రెండోది పెదవి విరుపు: "శుభమా అని పెళ్లి చేసుకుంటూ ఆ పుర్రెలేమిటి, దయ్యాలేమిటి!" మొదటి మాటకు నవ్వి ఊరుకోవచ్చు. రెండోదానితోనే నాకు తగువు. ఆ పెళ్లికి వెళ్లివచ్చాక నాకు అనిపించిందేమిటంటే, చావు ఊసు పెళ్లి గుమ్మం దాటి లోపలికి రాకూడదని మనం పెట్టుకున్న పట్టింపులోనే అశుభం ఉంది. ఆ పట్టింపు చచ్చిపోయినవాళ్లకు ఎలాగూ తగలదు. దాని దెబ్బంతా బతికున్నవాళ్ల మీదే.

ముందు పెళ్లి సంగతి చెప్పాలి. మాసాచుసెట్స్ రాష్ట్రంలో సేలం పట్టణానికి (తమిళనాడు సేలం అనుకునేరు) కొంచెం దూరంలో పాత పశువుల కొట్టం ఒకటి ఉంది. పశువులు పోయి చాలా కాలమైంది. చెక్క దూలాలు బాగుచేయించి, దీపాల తోరణాలు కట్టి, ఇప్పుడు పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు. పెళ్లికూతురూ నేనూ ఒకప్పుడు ఒకే ఇంట్లో గదులు అద్దెకు తీసుకుని ఉన్నవాళ్లం. ఆ అమ్మాయికి చిన్నప్పటి నుంచి హాలోవీన్ అంటే ప్రాణం. మనలో కొందరికి సంక్రాంతి ముగ్గుల మీద ఉండేంత పిచ్చి. సెప్టెంబరు రాగానే గుమ్మడికాయలు కొనుక్కొచ్చి వంటింటి గట్టు మీద వరుసగా పెట్టేది, నాకు పప్పు తాలింపు పెట్టుకోవడానికి చోటుండేది కాదు. కాబట్టి శుభలేఖ రాగానే తేదీ చూసి ఆశ్చర్యపోలేదు. ఎవరికి నచ్చిన వేషంలో వాళ్లు రావచ్చని అందులో రాశారు. కింద రెండు షరతులు: మంత్రగత్తె వేషం వద్దు, ఉరితాడు కనిపించేది ఏదీ వద్దు. ఆ షరతుల సంగతి తర్వాత చెబుతాను.

ఫోనులో అమ్మకు చెబితే ముందు పంచాంగం తీసింది. "కార్తీక శుద్ధ దశమి, శుక్రవారం. ఎవరు పెట్టారో గానీ రోజు మంచిదే" అంది. వేషాల మాట చెప్పాక కాసేపు మాట్లాడలేదు. నేను మన సినిమా దయ్యంలా తయారవుదామనుకుంటున్నానని అన్నాను. తెల్లచీర, విరబోసిన జుట్టు, కాళ్లకు గజ్జెలు, చేతిలో కొవ్వొత్తి. ఖర్చు లేని వేషం. అమ్మకు కోపం వచ్చింది. "పెళ్లింటికి తెల్లచీర కట్టుకుని వెళ్తావా? నీ మొగుడు నిక్షేపంగా ఉండగా?" దయ్యం వేషానికి కాదు, చీర రంగుకు వచ్చింది ఆ కోపం. ఆలోచిస్తే అమ్మ మాటలో తర్కం ఉంది. మన తెర మీద దయ్యం కట్టుకునే ఆ తెల్లచీర ఎక్కడిది? మన నాయనమ్మల పెట్టెలోది. భర్త పోయిన ఆడమనిషికి ఏ బట్ట కట్టబెట్టామో దయ్యానికీ అదే కట్టబెట్టాం. ఎవరిని చూసి జడుసుకోవాలో మనకు తెరకంటే ముందు ఇంట్లోనే నేర్పారు. ఆ వేషం నాకు ఇక సరదాగా అనిపించలేదు.

చివరికి మా ఆయన యముడయ్యాడు, నేను సావిత్రినయ్యాను. అట్టతో కొమ్ముల కిరీటం, ఊదారంగు పంచె, బుర్రమీసాలు, గద. పాశం మాత్రం ఇంట్లోనే వదిలేశాం. ఉరితాడు వద్దన్నారు కదా! పాశం లేని యముడిని చూసి నవ్వుకోవడానికి అక్కడ మరో తెలుగు మనిషి లేకపోవడం మా దురదృష్టం. "సావిత్రి అయితే సరే" అని అమ్మ కూడా ఒప్పుకుంది.

పెళ్లి పావుగంటలో అయిపోయింది. పెళ్లికూతురు నల్లటి లేసు గౌను వేసుకుంది. పెళ్లికొడుకు రక్తపిశాచి. ప్రమాణాలు చదవబోతే పైపళ్లకు తగిలించిన ప్లాస్టిక్ కోరలు అడ్డొచ్చి 'స' పలకడం లేదు. అందరూ చూస్తుండగా వాటిని పీకి, చేతిరుమాలుతో తుడిచి, కోటు జేబులో పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. "చావు మనల్ని విడదీసేదాకా" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. ఇక్కడి పెళ్లిళ్లలో ఈ మాట చాలాసార్లు విన్నాను, ఎప్పుడూ చెవిని తాకి పోయేదే. చుట్టూ అస్థిపంజరాలు, సమాధుల బొమ్మలు పెట్టుకుని ఆ మాట అంటే దానికి బరువు వస్తుందని అప్పుడు తెలిసింది. పెళ్లి జరిపించింది పాస్టరు కాదు, పెళ్లికొడుకు అక్క. ఆ ఒక్క రోజుకు ఆ ఒక్క పెళ్లి జరిపించేందుకు మామూలు మనిషికి కూడా ఈ రాష్ట్రంలో గవర్నరు కార్యాలయం అనుమతిస్తుంది.

పాస్టరు లేకపోతే అది పెళ్లేనా అని గొణిగిన పెద్దాయన ఒకరు నా పక్క వరుసలో ఉన్నారు. ఆయన పూర్వీకులు వింటే నవ్వేవాళ్లు. ఈ నేల మీద స్థిరపడిన ఆంగ్లేయ ప్యూరిటన్లు, అంటే కఠిన నిష్ఠ గల క్రైస్తవులు, పెళ్లిని చర్చి పనిగా చూడలేదు, ప్రభుత్వ వ్యవహారంగా చూశారు. ఇదే రాష్ట్రంలోని ప్లిమత్ వలసలో మొదటి పెళ్లి 1621 మే 12న గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ ఎదుట జరిగింది. వరుడు ఎడ్వర్డ్ విన్‌స్లో, వధువు సుసన్నా వైట్. ఆ వలసదారుల్ని తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చిన 102 మందిలో దాదాపు సగం మంది మొదటి చలికాలానికే చనిపోయారు. వాళ్లలో సుసన్నా భర్త ఫిబ్రవరిలో, ఎడ్వర్డ్ భార్య మార్చిలో పోయారు. అంటే ఆ వలసలో తొలి పెళ్లి ఒక విధవకూ ఒక విధురుడికీ జరిగింది, ఏడాది తిరక్కముందే. మన దగ్గర కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. చట్టం 1856లోనే వచ్చినా పాతికేళ్లు పట్టింది, అప్పటికీ వెలి బెదిరింపులు తప్పలేదు.

ఆ వలసదారులు ఉత్తములని ఇక్కడ నా వాదన కాదు. తర్వాతి తరాలు ఏం చేశాయో చెప్పడానికే శుభలేఖలో ఆ రెండు షరతులు ఉన్నాయి. 1692లో సేలంలో మంత్రగత్తెలన్న నేరం మోపి 19 మందిని ఉరితీశారు. గైల్స్ కోరీ అనే ముసలాయన విచారణకు ఒప్పుకోలేదని ఛాతీ మీద రాళ్లు పేర్చి చంపారు. ఉరితీసిన వాళ్లలో సుసన్నా మార్టిన్, ఆన్ పుడియేటర్ భర్తలు పోయిన ఆడవాళ్లు. ఇప్పుడు అదే ఊళ్లో పోలీసు కార్ల మీద చీపురు ఎక్కిన మంత్రగత్తె బొమ్మ ఉంటుంది. అక్టోబరు నెలంతా లక్షల మంది మొనదేలిన నల్లటోపీలు కొనుక్కుని ఫోటోలు దిగుతారు. నా స్నేహితురాలు ఆ ఊళ్లోనే పెరిగింది. "చనిపోయినవాళ్లతో ఆడుకోవచ్చు, చంపినవాళ్ల పక్షాన నిలబడి ఆడకూడదు" అంటుంది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకున్న మనిషి అది. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన పత్రికల్లో ఇప్పటికీ చదువుతున్న నాకు ఆ షరతు చాదస్తంగా తోచలేదు.

హాలోవీన్‌కూ పెళ్లికీ పొత్తు కుదరదనే వాళ్లకు ఈ పండుగ పాత చరిత్ర తెలియదు. నవంబరు 1 క్రైస్తవంలో పునీతులందరి పండుగ, 2 చనిపోయిన ఆత్మలన్నిటి రోజు. పునీతుల పండుగ ముందటి రాత్రి ఐర్లండ్, స్కాట్లండ్ పల్లెల్లో పెళ్లికాని పిల్లలకు జాతకం చూసుకునే రాత్రి. ఇద్దరి పేర్లు అనుకుని రెండు కాయలు నిప్పుల్లో వేసేవారు. పక్కపక్కనే నిదానంగా కాలితే కాపురం బాగుంటుంది, ఒకటి చిట్లి ఎగిరిపోతే సంబంధం తప్పిపోతుంది. ఆపిల్ తొక్క తెగకుండా ఒలిచి భుజం మీదుగా వెనక్కి విసిరితే అది పడిన తీరులో మొగుడి పేరు మొదటి అక్షరం కనిపించాలి. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లోనే ఇలాంటి జాతకాల్ని పద్యాల్లో వర్ణించాడు. 1840ల కరువులో ఐర్లండ్ వదిలి లక్షలాదిగా అమెరికా చేరినవాళ్లతో ఈ ఆచారాలు ఓడలెక్కి వచ్చాయి. అక్కడ ముల్లంగి జాతి టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు. ఇక్కడ అంతకంటే పెద్దదీ, తొలవడానికి మెత్తనిదీ అయిన గుమ్మడికాయ దొరికింది. మిఠాయి కంపెనీలు ఈ పండుగను చేజిక్కించుకోక ముందు, పోయినవాళ్లు తిరిగివచ్చే రాత్రీ కొత్త జంటలు తేలే రాత్రీ ఒకటే.

ఇదంతా ఆ కొట్టంలో కళ్లముందే ఉంది, పెళ్లికూతురి అమ్మమ్మ పుణ్యమా అని. ఆవిడ ఐరిష్ వలసదారుల మనవరాలు. భోజనాల హాలు గుమ్మం పక్కన చిన్న బల్ల వేసి, పోయిన తాతగారి ఫోటో, ఆయన ఉన్ని టోపీ, ఆవిడ స్వయంగా తొలిచిన టర్నిప్ దీపం పెట్టారు. ఆ దుంప ఎంత గట్టిగా ఉంటుందో ఆవిడ బొటనవేలికి చుట్టిన ప్లాస్టరే చెప్పింది. ఎండుద్రాక్షలు వేసి కాల్చిన బార్మ్‌బ్రాక్ అనే రొట్టెలో ఉంగరం దాచారు. ముక్కలో ఉంగరం వచ్చినవాళ్లకు ఏడాదిలోగా పెళ్లవుతుందట. అది రెండుసార్లు విడాకులు తీసుకున్న ఒక మామయ్యకు వచ్చింది. ఆయన దాన్ని గబుక్కున పక్కవాళ్ల పళ్లెంలోకి జారవేయబోయి దొరికిపోయాడు.

అసలు చూడవలసింది ఆవిడ వేషం. అరవై ఏళ్ల నాటి తన పెళ్లి గౌను తీసి వేసుకున్నారు. ముఖానికి తెల్లపొడి, కళ్ల కింద బొగ్గు నలుపు. దయ్యం పెళ్లికూతురట. గౌను వెనక జిప్పు పైకి రాక, ఆ ఖాళీని వరుసగా పిన్నీసులతో కలిపారు. మధ్యలో వెన్నుచర్మం కనిపిస్తోంది, ఆవిడకు ఖాతరు లేదు. "బోలెడు డబ్బు పోసి ఒక్కరోజు వేసుకున్నాను, ఇన్నాళ్లకు రెండో రోజు వచ్చింది" అన్నారు. చేతికర్ర ఒక చేత్తో, మనవరాలిని రెండో చేత్తో పట్టుకుని మంటపం దాకా నడిపించుకొచ్చింది ఆవిడే. నల్లబట్టల్లో అసలు పెళ్లికూతురు, తెల్లబట్టల్లో భర్త పోయిన అమ్మమ్మ. ఇంగ్లండు రాణి విక్టోరియా 1840లో తెల్లగౌనులో పెళ్లి చేసుకున్నాక ఆ రంగు ఈ దేశాల్లో పెళ్లిరంగుగా స్థిరపడింది. అంతకుముందు నల్లగౌను పెళ్లికూతుళ్లూ ఉన్నారు. రంగులకు శుభాశుభాలు అంటగట్టేది మనమే గానీ రంగులకు ఆ గొడవ తెలియదు.

నేను ఏ వేషమో ఆవిడ అడిగితే సావిత్రి కథ చెప్పాను. మా ఆయన పక్కనే నిలబడి గద ఊపుతున్నాడు. ఆవిడ శ్రద్ధగా విని, "మా ఆయన్ని తీసుకుపోయినవాడు నాతో మాటకైనా ఆగలేదు. ఆగి ఉంటే నేనూ వాదించేదాన్నే" అని మా యముడి వైపు కర్ర చూపించారు. నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచి వింటున్న కథలో ముల్లు ఒకటి అప్పుడు గుచ్చుకుంది. మొగుడిని వెనక్కి తెచ్చుకుంది గనుక సావిత్రి పతివ్రత. మరి తెచ్చుకోలేనివాళ్లో? వాళ్లలో ఏదో లోపం ఉందని పైకి అనకుండానే ఆ కథ మనకు అనిపింపజేస్తుంది. లేకపోతే భర్త పోయిన మనిషి ఎదురొస్తే రెండు నిమిషాలు ఆగి బయలుదేరే అలవాటు మనకెక్కడిది?

మా అక్క పెళ్లినాటికి నాన్న లేరు. అమ్మ పీటల మీద కూర్చోవడానికి వీల్లేదన్నారు. బాబాయి, పిన్ని కూర్చుని కన్యాదానం చేశారు. వాళ్లు మంచివాళ్లు, వాళ్ల తప్పేమీ లేదు. సంబంధం వెతికింది, డబ్బు కూడబెట్టింది, నగలు చేయించింది, రాత్రిళ్లు కూర్చుని పసుపు బట్టలు మడతపెట్టింది అమ్మ. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు వంటశాల గుమ్మం దగ్గర స్తంభం చాటున నిలబడింది. ముత్తయిదువల్ని పిలిచి బొట్టుపెట్టి తాంబూలాలిస్తుంటే ఆ పళ్లెం అందించే పని కూడా అమ్మకు ఇవ్వలేదు. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు. అనవలసిన అవసరం రాకుండా అమ్మే ముందుగా తప్పుకుంది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

ఇందులో పెద్ద విడ్డూరం ఒకటుంది. శుభకార్యంలో చనిపోయినవాళ్ల ఊసు ఉండకూడదని మనం అనుకుంటాం గానీ మన తంతు అలా అనదు. పెళ్లికి ముందు నాంది పెడతారు. తండ్రి, తాత, ముత్తాత, వాళ్లతో పాటు తల్లి, నాయనమ్మ, ఆ పై తరం: పోయినవాళ్లను పేరుపేరునా పిలిచి, మర్యాద చేసి, ఆశీర్వదించమని అడుగుతారు. అక్క పెళ్లిలోనూ పిలిచారు. మా నాయనమ్మ భర్త పోయాక పాతికేళ్లు బతికింది. ఆ పాతికేళ్లలో ఏ పెళ్లిలోనూ ముందు వరుసకు రాలేదు. ఆమె పోయాక మాత్రం పురోహితుడు సంస్కృతంలో ఆహ్వానించి తెచ్చి కూర్చోబెట్టాడు. అంటే మన పెళ్లిళ్లకు దయ్యాలు రావడంలో అభ్యంతరమేమీ లేదు. బతికున్న విధవ వస్తేనే చిక్కు. మా ఇళ్లలో ఉన్నంత పట్టింపు అన్ని కులాల్లో లేదని తెలుసు. ఇప్పుడు చాలా ఇళ్లలో తల్లులు పీటల మీద కూర్చుంటున్నారనీ తెలుసు. అయినా శుభలేఖలో 'శ్రీమతి' అని వేయాలా, భర్త పేరు ముందు 'కీర్తిశేషులు' అని వేస్తే చూసేవాళ్లకు బాగుంటుందా అని గంటలకొద్దీ తర్జనభర్జన పడే ఇళ్లు ఈ అమెరికాలోనే నాకు తెలిసినవి బోలెడు.

"వాళ్లది సంస్కృతి, మనది మూఢనమ్మకమా?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ దేశంలో చావును దాచిపెట్టే పద్ధతులు వేరుగా ఉన్నాయి. ముసలివాళ్లు ఇంటికి దూరంగా వృద్ధాశ్రమాల్లో పోతారు, శవానికి రంగులద్ది నిద్రపోతున్నట్టు పడుకోబెడతారు. హాలోవీన్ పేరుతో అమ్ముడయ్యే ప్లాస్టిక్ సాలెగూళ్లు, ఒక్క రాత్రి వేసి పారేసే బట్టలు చూస్తే నాకూ చిరాకే. ఆ పెళ్లిలో కూడా డ్రై ఐస్ పొగ మరీ ఎక్కువైంది. భోజనాల దగ్గర ఒకరి ముఖం ఒకరికి కనబడలేదు, నల్లకేకు తిన్నవాళ్ల పళ్లు రాత్రంతా నల్లగా ఉండిపోయాయి. వేడి ఆపిల్ రసంతో ఇచ్చిన డోనట్లు మాత్రం అమృతం.

వేషాల మాటకొస్తే మన రిసెప్షన్లలో వేసేవి ఏమిటి? రాజస్థాన్ తలపాగా, షేర్వానీ, సినిమాలో చూసి నేర్చిన సంగీత్ నాట్యం, అదే డ్రై ఐస్ పొగలోంచి నడిచి రావడం. నాకు వాటి మీద పగ లేదు, సరదాగానే ఉంటాయి. అది వేషమని ఒప్పుకోకుండా ఎదుటివాళ్లది వేషమనడమే నచ్చదు.

నాట్యాలు మొదలయ్యాక అమ్మమ్మగారు కర్ర కుర్చీకి ఆనించి మా యముడి చేయి పట్టుకుని లేచారు. అతనికి వచ్చింది తీన్మార్ ఒక్కటే, ఆవిడకు వచ్చింది వాల్ట్జ్. ఇద్దరూ చెరో తాళంలో పాట అయ్యేదాకా లాక్కొచ్చారు. ఎవరో తీసిన వీడియో నేను అమ్మకు పంపాను. అమ్మ రెండుసార్లు చూసిందట. ఆవిడ ఎవరు, పిల్లలెందరు, తెల్లగౌను ఎందుకు వేసుకున్నారు అని వరుసగా అడిగింది. చెప్పాను. "పెళ్లికూతురిని నడిపించుకొచ్చింది ఆవిడేనా?" అని మళ్లీ అడిగింది. అవునన్నాను. "వాళ్లకు చెల్లుతుంది" అంది.

మాకెందుకు చెల్లదు అన్నదే ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న చర్చ. మూఢం వెళ్లాక ఫాల్గుణంలో తమ్ముడి పెళ్లి. పీటల మీద బాబాయి దంపతులు కూర్చోవాలని పెద్దవాళ్లు అప్పుడే అనేసుకున్నారు. పురోహితుణ్ని నేనే ఫోనులో అడిగాను. తల్లి ఉండగా తల్లిని కాదనే అధికారం తనకు లేదనీ, పెద్దల మాట కాదని తనంతట తాను చెప్పలేననీ అన్నాడు. తప్పించుకునే జవాబే అయినా అడ్డు చెప్పలేదు కదా, నాకు అది చాలు. బాబాయితో మాట్లాడే పని తమ్ముడికి అప్పగించాం. అందరికంటే గట్టిగా వద్దంటున్నది అమ్మే. పీటలు వద్దు, హారతి పళ్లెం పట్టుకుంటాను చాలు అంటోంది. చీర మాత్రం ఆకుపచ్చ కంచిపట్టుకు ఒప్పుకుంది, అంచు సన్నగా ఉండాలన్న షరతు మీద. నేను పెద్దంచు చీరే కొన్నాను. పీటల సంగతి జనవరిలో ఇంటికి వెళ్లినప్పుడు మళ్లీ ఎత్తుతాను.